మందు పట్టి ఉంచే నీరు

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్రాన్స్‌లోని బులోన్ రేవు పట్టణంలో ఒక జూదశాల బ్రిటిష్ సైనికుల ఆస్పత్రిగా మారింది. అందులో ఆల్మ్‌రాత్ రైట్ నడిపే లేబొరేటరీలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేసేవాడు. పెన్సిలిన్ ఊసు అప్పటికి ఎక్కడా లేదు. వార్డుల్లో మాత్రం గాయాలను రోజూ యాంటీసెప్టిక్ ద్రావణాలతో కడిగేవారు. కడిగిన గాయమే మళ్లీ చీము పట్టేది.

ఎందుకిలా జరుగుతోందో తేల్చడానికి ఫ్లెమింగ్ ఒక గాజు పరీక్షనాళికను మంట మీద కాల్చి, గోడలను అక్కడక్కడ ముళ్లలా బయటికి సాగదీశాడు. గుండు ముక్క చీల్చిన కండలో ఉండే సందుగొందులకు అది నమూనా. దాన్ని సూక్ష్మజీవులు కలిపిన సీరంతో నింపి రాత్రంతా ఉంచాడు. మర్నాడు సీరం ఒంపేసి నిండా యాంటీసెప్టిక్ పోశాడు. ఇంకో రోజు గడిచాక దాన్నీ పారబోసి శుభ్రమైన సీరం పోస్తే, బాక్టీరియా ఏమీ జరగనట్టే మళ్లీ పెరిగింది. ముళ్ల కొనల్లో దాక్కున్నవాటికి మందు తగలనేలేదు. 1919లో లండన్‌లో ఇచ్చిన హంటేరియన్ ఉపన్యాసంలో ఆయన ఇదంతా వివరిస్తూ ఇంకో చేదు సంగతి కూడా చెప్పాడు: ఆ ద్రావణాలు సూక్ష్మజీవుల కన్నా ముందు మన తెల్లరక్తకణాలనే చంపుతున్నాయి.

మందు ఘాటుగా ఉంటే చాలదు. గాయం మూలమూలకూ చేరాలి, చేరినచోట కొంతసేపు నిలవాలి, మన కణాలను బతకనివ్వాలి. ఈ మూడూ ఒకేసారి కుదరడం ఎంత కష్టమో కాలిన గాయాన్ని చూస్తే తెలుస్తుంది.

బర్మింగ్‌హామ్ సర్జన్ డగ్లస్ జాక్సన్ 1953లో కాలిన చర్మాన్ని మూడు వలయాలుగా విడదీసి చూపించాడు. నడిమధ్యన పూర్తిగా చచ్చిన భాగం. దాని చుట్టూ రక్తప్రసారం మందగించి అటో ఇటో తేలని భాగం. అంచున ఎర్రబడినా తేరుకునే భాగం. మధ్యనున్న చచ్చిన చర్మంలో రక్తనాళాలు మూసుకుపోతాయి. సెలైన్‌లో కలిపి నరానికి ఎక్కించే యాంటీబయాటిక్ రక్తంతోపాటే ప్రయాణిస్తుంది కనుక రక్తం పోని చోటికి అదీ పోదు. పైనుంచి చూస్తే అక్కడ తడి ఉంది, వెచ్చదనం ఉంది, మేతగా చచ్చిన ప్రోటీన్ ఉంది. స్టెఫిలోకాకస్, సూడోమోనాస్, ఎసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా వంటి బాక్టీరియాకు ఇంతకన్నా ఏం కావాలి? సూడోమోనాస్ చేరిన గాయాన్ని అనుభవమున్న సిస్టర్లు ల్యాబ్ రిపోర్టు రాకముందే పసిగడతారు. కట్టు పచ్చగా తడుస్తుంది, మగ్గిన ద్రాక్షపండు లాంటి తీపి వాసన వస్తుంది. బాగా కాలినవాళ్లలో తొలి రోజుల షాక్ గండం గడిచాక ఎక్కువగా ప్రాణం తీసేది ఇలాంటి ఇన్‌ఫెక్షనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం కాలిన గాయాలతో ఏటా దాదాపు 1,80,000 మంది చనిపోతున్నారు. మన దేశంలోనే ఏటా పది లక్షల మందికి పైగా ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి దాకా కాలుతున్నారు.

లోపలినుంచి దారి మూసుకుపోయింది కాబట్టి పైపూత మందుల మీద పడ్డారు. 1965లో అమెరికాలో కార్ల్ మోయర్ 0.5 శాతం సిల్వర్ నైట్రేట్‌తో కట్లు తడిపాడు. అది పనిచేసింది గానీ దుప్పట్లు, గోడలు, నర్సుల చేతులు అన్నీ నల్లబడ్డాయి. సైనిక ఆస్పత్రుల్లో వాడిన మాఫెనైడ్ చచ్చిన చర్మంలోకి బాగా దిగేది, కాకపోతే పూస్తే రోగి కేకలు పెట్టేవాడు. 1968లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చార్లెస్ ఫాక్స్ ఇటు వెండిని, అటు సల్ఫా మందును కలిపి సిల్వర్ సల్ఫాడయాజిన్ తయారుచేశాడు. ఇప్పటికీ మన ఆస్పత్రుల్లో కాలిన గాయాలకు దట్టంగా పూసే తెల్ల ఆయింట్‌మెంటు అదే. చవక, పూస్తే మండదు, చాలా రకాల బాక్టీరియా మీద పనిచేస్తుంది. ఎన్ని లక్షల ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టడం కష్టం.

అయితే దానికి రోజూ చాకిరీ చేయాలి. పూసిన కొన్ని గంటలకు అది రసితో కలిసి పసుపు, బూడిద రంగు పొరగా గడ్డకడుతుంది. దాన్ని కడిగి తీసేస్తే తప్ప గాయం ఎలా ఉందో కనబడదు, కొత్త మందు అంటుకోదు. అందుకే రోజుకు ఒకసారి, ఒక్కోసారి రెండుసార్లు కట్టు మార్చాలి. బర్న్స్ వార్డులో పొద్దున్నే డ్రెస్సింగ్ గదిలో జరిగేది చూసినవాళ్లకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. రసి ఎండి గాజ్ గుడ్డ గాయానికి అట్టకట్టుకుపోయి ఉంటుంది. సిస్టర్ సెలైన్ పోసి నానబెట్టి, ఒక మూల ఊడదీసి, మెల్లగా పైకి లాగుతుంది. ఎంత మెల్లగా లాగినా గుడ్డ నూలు పోగుల్లో ఇరుక్కున్న కొత్త చర్మం దాంతోపాటే లేచొస్తుంది. ఎర్రటి చుక్కలు పొడుస్తాయి. రాత్రంతా శరీరం అల్లిన పొరను పొద్దున్నే చింపేస్తున్నామన్నమాట. ఈ ఆయింట్‌మెంటుతో పోలిస్తే కొత్తరకం కట్లతో గాయాలు త్వరగా మానుతున్నాయని 2013లో వెలువడిన కాక్రేన్ సమీక్ష కూడా తేల్చింది. ఆ సమీక్షకు అందిన పరీక్షల నాణ్యత అంతంతమాత్రమే అన్నది వేరే సంగతి.

గాయం ఆరితేనే మానుతుందని మన ఇళ్లలో గట్టి నమ్మకం. పక్కు కట్టిందంటే హమ్మయ్య అనుకుంటాం. 1962లో జార్జ్ వింటర్ అనే బ్రిటిష్ పరిశోధకుడు పందిపిల్లల మీద చేసిన ప్రయోగం ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. ఆయన కొన్ని గాయాలను గాలికి వదిలేసి, కొన్నింటిని పాలిథీన్ పొరతో కప్పాడు. పొర కింద తడిగా ఉన్న గాయాల మీద చర్మకణాలు దాదాపు రెట్టింపు వేగంతో పాకి కప్పేశాయి. గాలికి ఎండిన గాయంలో ఆ కణాలు గట్టి పక్కు కిందికి దిగి, తడి దొరికే లోతులో దారి తవ్వుకుంటూ పోవాల్సి వచ్చింది.

మన దేశంలో కాలినవాళ్లను అరటాకు మీద పడుకోబెట్టడం వెనక ఉన్న తెలివి కూడా ఇలాంటిదే. 2003లో మన డాక్టర్లు అరటాకు కట్టు మీద చేసిన పరీక్షల ఫలితాలు ‘బర్న్స్’ అనే వైద్యపత్రికలో వచ్చాయి. అంతకుముందే 1985లో ముంబయి డాక్టర్లు ఉడికించిన బంగాళదుంప తొక్కలతో కట్లు తయారుచేశారు. అరటాకు నున్నగా ఉంటుంది, అంటుకోదు, తడి పోనివ్వదు, కారుచవక. సిస్టర్ దాన్ని తీస్తుంటే రోగి పళ్లు బిగించాల్సిన పనిలేదు. కాకపోతే ఆ ఆకు మందు మోయలేదు, రసి పీల్చలేదు. ఈ రెండు పనులూ చేసే ఆకు ఒకటుంటే బాగుణ్ను కదా! హైడ్రోజెల్ కోసం వెతుకులాట ఇక్కడే మొదలవుతుంది.

హైడ్రోజెల్ మనకు కొత్తదేమీ కాదు. ఎండాకాలంలో సబ్జా గింజలు నానేస్తే ఒక్కో గింజ చుట్టూ నిగనిగలాడే జిగురు పొర ఉబ్బుతుంది చూడండి, అదొక సహజమైన హైడ్రోజెల్. నీటిని ఇష్టపడే పొడుగాటి అణువులు ఒకదానికొకటి ముడిపడి వలలా ఏర్పడి, ఆ వల నిండా నీటిని పట్టి ఉంచుతాయి. ముడులు ఉన్నాయి కాబట్టి వల కరిగిపోదు, నీళ్లంటే ఇష్టం కాబట్టి ఉబ్బుతూ పోతుంది. బరువులో నూటికి తొంభై పాళ్లు నీళ్లే ఉన్నా చేత్తో పట్టుకుంటే ఘనపదార్థమే. 1960లో ప్రాగ్ శాస్త్రవేత్తలు ఒట్టో విఖ్టెర్లె, ద్రహొస్లావ్ లిమ్ ఇలాంటి జెల్‌ను శరీరంలో వాడవచ్చని ప్రతిపాదించారు. మరుసటి ఏడాది క్రిస్మస్ సెలవుల్లో విఖ్టెర్లె పిల్లలు ఆడుకునే మెర్కూర్ అనే లోహపు బిళ్లల సెట్టుతో ఇంట్లోనే ఒక యంత్రం బిగించి, మెత్తటి కాంటాక్ట్ లెన్సులు పోతపోశాడు. కళ్లకు పనికొచ్చింది పుండుకు పనికిరాదా?

కాలిన గాయం మీద జెల్ పొర వేస్తే ముందు చల్లబడుతుంది, మంట తగ్గుతుంది. పారదర్శకం కాబట్టి కట్టు విప్పకుండానే డాక్టరు గాయాన్ని చూడొచ్చు. రసిని తనలోకి పీల్చుకుంటుంది, గాయం ఎండుతుంటే తన తడి ఇస్తుంది. తీసేటప్పుడు చర్మాన్ని పీకదు. పోలండ్‌లోని లోజ్ నగరంలో యానుష్ రోసియాక్ 1980లలో ఎలక్ట్రాన్ పుంజంతో ఇలాంటి పొరలు చేసే పద్ధతి కనిపెట్టాడు. జిగురు ద్రావణాన్ని అచ్చులో పోసి, ప్యాక్ చేసి, సీలు వేశాక కిరణాల కిందికి పంపుతారు. అదే దెబ్బకు అణువుల మధ్య ముడులు పడతాయి, ప్యాకెట్లో ఉన్న సూక్ష్మజీవులన్నీ చస్తాయి. ముంబయిలోని భాభా అణు పరిశోధన కేంద్రం ఇదే దారిలో, పీవీఏ అనే చవక పాలిమర్ మీద గామా కిరణాలు ప్రయోగించి కాలిన గాయాల కోసం జెల్ పొరలు తయారుచేసింది.

ఈ జెల్ చేయడానికి ఎన్ని ముడిసరుకులో! గోధుమరంగు సముద్రపు నాచు నుంచి ఆల్జినేట్, జంతువుల ఎముకలూ తోళ్ల నుంచి జెలటిన్, రొయ్యల పెంకుల నుంచి కైటోసాన్. చివరిది ఆంధ్రప్రదేశ్‌కు దగ్గరి విషయం. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది ఈ రాష్ట్రమే, భీమవరం, నెల్లూరు చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్ల నుంచి పెంకులు గుట్టలుగుట్టలుగా వస్తాయి. ఆ పెంకును ఆమ్లంలో వేస్తే సున్నం పోతుంది, క్షారంలో వేస్తే ప్రోటీన్ పోతుంది. మిగిలిన కైటిన్‌ను చిక్కటి కాస్టిక్ సోడాలో మరిగిస్తే కైటోసాన్ అవుతుంది. వెనిగర్ లాంటి బలహీన ఆమ్లంలో కరిగే ఈ పదార్థపు అణువుల మీద ధనావేశం ఉంటుంది. బాక్టీరియా ఒంటి మీద రుణావేశం. రెండూ అతుక్కుంటే బాక్టీరియా పైపొర చెదురుతుంది, అంటే మందు కలపకముందే కైటోసాన్ కొంత పని చేసిపెడుతుంది. ఇంకో చిత్రం: తొలి టెట్రాసైక్లిన్ యాంటీబయాటిక్ అయిన ఆరియోమైసిన్‌ను లెడర్లీ ల్యాబ్‌లో వెలికితీసిన పరిశోధనను నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది కూడా భీమవరంలోనే. టెట్రాసైక్లిన్ నింపిన కైటోసాన్ జెల్ మీద వ్యాసం రాసే పరిశోధకుడెవరికీ ఆ ఊరు గుర్తొచ్చి ఉండదు లెండి.

ఇక అసలు చిక్కు మందు కలిపినప్పుడు మొదలవుతుంది.

జెల్ వలలో ఒక్కో కన్ను కొన్ని నానోమీటర్ల నుంచి కొన్ని పదుల నానోమీటర్ల వెడల్పు ఉంటుంది. యాంటీబయాటిక్ అణువు ఒకటి రెండు నానోమీటర్లే. కాబట్టి వల దాన్ని ఏమాత్రం ఆపదు, మామూలు నీళ్లలో ఈదినట్టే ఈదుకుంటూ బయటపడుతుంది. చిన్న అణువుకు మిల్లీమీటరు మందం నీళ్లు దాటడం నిమిషాల పని. మందులో నానబెట్టిన జెల్‌ను గాయం మీద వేస్తే కొన్ని గంటల్లోనే సరుకంతా ఖాళీ. అమెరికాలో టకేరు హిగూచి 1961లో ఆయింట్‌మెంటు నుంచి మందు వెలువడే తీరుకు ఒక సూత్రం కట్టాడు. బయటికొచ్చే మందు గడిచిన కాలపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది. మొదటి గంటలో వచ్చినంత మందు మళ్లీ రావడానికి ఇంకో మూడు గంటలు, ఆపైన అంతే మందుకు ఇంకో అయిదు గంటలు పడుతుంది. మొదట్లో ఉప్పెన, తర్వాత చుక్కచుక్క. పొర మందం రెండింతలు చేస్తే ఖాళీ అయ్యే కాలం నాలుగింతలవుతుంది కానీ, అరచెయ్యి మందాన ఉన్న కట్టును వేళ్ల సందుల్లో ఎవరు కట్టగలరు?

అందుకే మందును పట్టి ఉంచే ఉపాయాలు వెతికారు. జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ అణువు మీద ధనావేశం ఉంటుంది, ఆల్జినేట్ మీద రుణావేశం. రెండూ కలిపితే మందు జెల్‌ను పట్టుకుని వేలాడుతుంది. రసిలోని సోడియం, కాల్షియం అయాన్లు వచ్చి తోసేసేకొద్దీ కొంచెం కొంచెంగా వదులుతుంది. మందును సూక్ష్మ గోళాల్లోనో కొవ్వు బుడగల్లోనో మూటకట్టి జెల్‌లో పొదగడం ఇంకో పద్ధతి. ముందు గోళం దాటాలి, ఆ తర్వాత జెల్ దాటాలి. మందును జెల్ అణువుకే రసాయన బంధంతో కట్టేసి, ఆ బంధం తెగితేనే బయటికి వచ్చేట్టు చేయడం మూడో పద్ధతి.

ఇలాంటి పరిశోధన వ్యాసాలు కుప్పలుతెప్పలు. చాలావాటిలో గీత మెల్లగా పైకి పాకుతూ ఏడు రోజులో పద్నాలుగు రోజులో సాగే గ్రాఫు ఉంటుంది. ఎన్ని ఎక్కువ రోజులైతే అంత గొప్ప అన్నట్టు రాస్తారు. ఇది సరైన కొలత కాదు. యాంటీబయాటిక్‌లన్నీ ఒకేలా చంపవు. జెంటామైసిన్ రకం మందులు ఒక్కసారిగా మోతాదు పెరిగితే బాగా పనిచేస్తాయి, వాటికి ఉప్పెనే మేలు. పెన్సిలిన్ కుటుంబం అలా కాదు. మోతాదు ఒక హద్దు దాటాక ఇంకెంత పెంచినా పెద్ద లాభం ఉండదు, ఆ హద్దుకు పైన ఎంతసేపు నిలిచిందన్నదే లెక్క. కాబట్టి జెంటామైసిన్ జెల్‌కూ, పెన్సిలిన్ కోవకే చెందిన సెఫలోస్పోరిన్ జెల్‌కూ ఒకే గ్రాఫు ఆదర్శం కావడం అసాధ్యం.

అసలు ప్రమాదం గ్రాఫు తోక దగ్గర ఉంది. మందు అయిపోవచ్చేసరికి గాయంలో దాని మోతాదు బాక్టీరియాను చంపలేని స్థాయికి పడిపోతుంది, కానీ సున్నా కాదు. ఆ కొద్దిపాటి మందులో రోజుల తరబడి బతికిన బాక్టీరియాలో తట్టుకోగలిగినవే మిగిలి పెరుగుతాయి. చాలని మోతాదు సూక్ష్మజీవులకు పాఠం నేర్పుతుందని ఫ్లెమింగ్ 1945 నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. బర్న్స్ వార్డులు ఆ పాఠం ఖరీదు చెల్లించాయి కూడా. 1960ల చివర్లో జెంటామైసిన్ క్రీమును గాయాల మీద ధారాళంగా పూసిన చోట్ల కొద్దికాలానికే ఆ మందుకు లొంగని సూడోమోనాస్ పుట్టుకొచ్చింది. నరానికి ఎక్కించడానికి దాచుకోవాల్సిన మందు కాస్తా పైపూతలో అరిగిపోయింది.

పైపూత అంటే శరీరానికి సురక్షితమని అనుకోవడానికీ లేదు. చర్మం లేని చోట ఏది పూసినా రక్తంలోకి దిగుతుంది. పెద్ద గాయాల మీద నియోమైసిన్ వాడిన రోగులకు చెవుడు వచ్చిన సందర్భాలు వైద్యచరిత్రలో ఉన్నాయి. అయినా ఈ దారిని వదలకపోవడానికి గట్టి కారణం ఉంది. గాయం మీద జిగురు పొర అల్లుకుని బయోఫిల్మ్‌గా స్థిరపడ్డ బాక్టీరియాను చంపాలంటే మామూలుకన్నా కొన్ని వందల రెట్లు మోతాదు కావాలి. అంత మందు నరానికి ఎక్కిస్తే కిడ్నీలు పోతాయి. ఆ ఒక్కచోటే అంత మోతాదు ఉంచి, ఒంటికి అంటకుండా చూడగలిగేది స్థానికంగా మందు వదిలే పదార్థమే. కీళ్లమార్పిడి సర్జన్లు ఈ సంగతి ముందే గ్రహించారు. హాంబర్గ్‌లో హాన్స్ బుఖోల్ట్స్ 1970 నాటికే ఎముక సిమెంటులో జెంటామైసిన్ కలిపి వాడాడు.

మందు అవసరమైనప్పుడే తలుపు తీసే జెల్ ఉంటే? ఆరోగ్యంగా ఉన్న చర్మం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, ఇన్‌ఫెక్షన్ సోకిన గాయం క్షారం వైపు మొగ్గుతుంది. ఆ తేడాకు ఉబ్బే జెల్‌లు చేశారు. బ్రౌన్ విశ్వవిద్యాలయంలో అనితా శుక్లా బృందం ఇంకో మెట్టు ఎక్కింది. పెన్సిలిన్ జాతి మందులను తుంచేయడానికి బాక్టీరియా బీటా లాక్టమేజ్ అనే ఎంజైమ్ వదులుతుంది. ఆ ఎంజైమ్ తెంచగలిగే బంధాలతోనే వీళ్లు జెల్ వలకు ముడులు వేశారు. బాక్టీరియా తన ఆయుధాన్ని దూసిన చోటే జెల్ కరిగి, లోపలి సరుకు బయటపడుతుంది. ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయంలో టోబీ జెంకిన్స్ బృందం మందు మాటే పక్కనబెట్టి, కబురు చెప్పే కట్టు మీద పనిచేసింది. అగరోజ్ జెల్‌లో రంగు నింపిన సూక్ష్మ బుడగలను పొదిగారు. హానిచేసే బాక్టీరియా విడిచే విషాలు ఆ బుడగలను పగలగొడితే, అతినీలలోహిత కాంతిలో కట్టు ఆకుపచ్చగా మెరుస్తుంది. చర్మం మీద మామూలుగా కాపురముండే అమాయకపు బాక్టీరియాకు అది స్పందించదు. కాలిన పసిపిల్లకు జ్వరం వస్తే అది ఇన్‌ఫెక్షనో కాదో స్వాబ్ కల్చర్ తేల్చడానికి రెండు రోజులు పట్టొచ్చు. ఆ రెండు రోజులూ డాక్టర్లు అనుమానంతోనే యాంటీబయాటిక్ మొదలుపెడతారు. ఆ కట్టు మెరవలేదంటే ఆ మందు ఆగుతుంది. మందు నింపిన జెల్ కన్నా మందు ఆపించే జెల్ ఎక్కువ ఉపకారి కావచ్చు.

ఇంత పరిశోధన ఉండీ ఆస్పత్రి అల్మరాలో కనబడే జెల్‌లు ఎక్కువగా ఉత్త నీటి జెల్‌లు, లేదంటే వెండి కలిపినవి మాత్రమే. యాంటీబయాటిక్ జెల్‌లు అరుదు. ప్రయోగశాల పరీక్షే మొదటి మోసం. అగర్ పళ్లెంలో బాక్టీరియా పరిచి, మధ్యలో జెల్ ముక్క పెట్టి, చుట్టూ ఏర్పడే తేట వలయాన్ని స్కేలుతో కొలుస్తారు. వ్యాసంలో ఆ ఫొటో చూడముచ్చటగా ఉంటుంది. ఆ పళ్లెంలో మందును పట్టేసే రసి ప్రోటీన్లు లేవు, బయోఫిల్మ్ లేదు, కారి కొట్టుకుపోవడం లేదు. గాయంలో ఇవన్నీ ఉంటాయి.

తర్వాతి గండం నియంత్రణ సంస్థలది. అమెరికా ఎఫ్‌డీఏ 2023 నవంబరులో కట్లలో కలిపే సూక్ష్మజీవనాశకాలను వర్గాలుగా విడగొడుతూ ఒక ప్రతిపాదన తెచ్చింది. దాని ప్రకారం మనుషుల చికిత్సకు కీలకమైన యాంటీబయాటిక్ కలిపితే అతి కఠినమైన మూడో తరగతి అనుమతి కావాలి, వెండి లాంటివాటికి రెండో తరగతి చాలు. నిరోధకత భయంతో చూస్తే ఇది సబబే. కంపెనీలు వెండి వైపు మొగ్గడంలోనూ ఆశ్చర్యం లేదు.

వీటిని మించి మన వాతావరణంలో అడ్డుపడే సమస్య ఒకటుంది. పిల్లల యాంటీబయాటిక్ సిరప్ సీసాలో పొడి రూపంలో ఎందుకు వస్తుందో తల్లులకు తెలుసు. నీళ్లు కలిపాక వారం పది రోజుల్లో వాడేయాలి, ఫ్రిజ్‌లో పెట్టాలి. పెన్సిలిన్ జాతి మందుల అణువులు నీళ్లలో మెల్లగా విరిగిపోతాయి మరి. నూటికి తొంభై పాళ్లు నీళ్లున్న జెల్‌లో అదే మందును కలిపి, మే నెలలో పీహెచ్‌సీ స్టోర్‌రూమ్‌లో ఉంచితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ముందే మందు కలిపి గామా కిరణాల కిందికి పంపినా కొన్ని మందులు చెడతాయి. దీనికి విరుగుడుగా చాలా ల్యాబ్‌లు జెల్‌ను గడ్డకట్టించి, శూన్యంలో నీరు లాగేసి, మందుతో సహా తేలికపాటి ఎండు స్పాంజిగా మారుస్తున్నాయి. అల్యూమినియం కవరులో అది ఎండుగానే నిలవ ఉంటుంది. గాయం మీద వేశాక రోగి ఒంటినుంచి కారే రసినే తాగి మళ్లీ జెల్ అవుతుంది, మందు అప్పుడు కదలడం మొదలుపెడుతుంది. పెద్దగా రసి కారని పొడి గాయమైతే సిస్టర్ కాస్త సెలైన్ చల్లి తడపాలి.